నేను ఒక్కటేనన్న నక్షత్రం

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో, బెల్లంపల్లి బడిలో మా లెక్కల సారు దేనికీ తొందరపడేవాడు కాదు. గాజుపలకను ఏడాదిన్నర చేత్తో రుద్ది అద్దం చేసి, రేకు గొట్టంలో బిగించి దూరదర్శిని తయారుచేసుకున్నాడు. అందులో ఎవరు చూస్తున్నా పక్కన నిలబడి, "జర ఆగు, గాలి నిమ్మలం కానీ" అనేవాడు.

సింహరాశిలో ఒక పసుపు నక్షత్రం నిజానికి రెండు నక్షత్రాలని ఆయన పిల్లలకు చెప్పాడు. అది నమ్మని హెడ్మాస్టరు ఒక రాత్రి తానే వచ్చి కన్ను పెట్టాడు.

"ఒక్కటే ఉన్నది గదా! పోరగాండ్లకు అబద్ధాలు చెప్తున్నవా?"

"జర ఆగుండ్రి సార్, గాలి నిమ్మలమైతే..."

హెడ్మాస్టరు ఆగలేదు. పక్కనే ఉన్న నన్ను కూడా గొట్టంలో చూసి చెప్పమన్నాడు. నేనప్పుడు అదే బడిలో టెంపరరీ టీచర్ని. పర్మనెంటు కావాలంటే ఆయన సిఫారసు కావాలి.

చూశాను. గాలి నిమ్మళించి, వణుకుతున్న వెలుగు ఒక్క క్షణం నిలిచింది. మధ్యలో సన్నని నల్లటి సందుతో, పక్కపక్కనే రెండు చుక్కలు.

"ఒక్కటే సార్," అన్నాను.

హెడ్మాస్టరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. లెక్కల సారు నన్ను కోప్పడతాడనుకున్నాను. ఆయన నా మాట నమ్మాడు.

"ఇద్దరికీ ఒక్కటే కనవడ్డదంటే నా అద్దం మంచిగ కుదరలే తమ్మీ. రెండున్నయని ముందే తెలుసు గన్క నాకట్ల కనవడ్డదేమో. ఇంక జర రుద్దాలె."

వేసవి సెలవులంతా రుద్దాడు. మంచి అద్దం పాడైపోయింది. నిజం చెబుదామని రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లి, వేరే సంగతులు మాట్లాడి వచ్చాను.

బడి తెరిచాక నా ఉద్యోగం పర్మనెంటైంది. అందరికంటే ముందు వచ్చి, "మంచిగైంది తమ్మీ" అని నా చెయ్యి పట్టుకున్నది ఆయనే. గాజు రుద్దిన ఆ వేళ్ల మీద పుండ్లు ఇంకా మానలేదు.