చీర ఉయ్యాల విప్పిన రోజు

నాయనమ్మ చెప్పిందని రాసుకో. మీ అక్క పుట్టినప్పుడు నువ్వింకా లేవు. అప్పుడూ మనది షామీర్‌పేటే. మీ నాయిన పొద్దున్నే కంపెనీ బండిలో తుర్కపల్లి మందుల కంపెనీకి వెళ్లిపోయేవాడు. ఇంట్లో నేను, మీ అమ్మ, ఆ పసిది.

పుట్టిన కొత్తలో దాని ఊపిరి ఒక్కోసారి పరుగెత్తినట్టు వచ్చేది, కాసేపు ఆగేది. అది తగ్గింది గానీ, నెలలు గడిచినా బిడ్డ కళ్లు మా వైపు తిరగలేదు. గిలక్కాయ ఆడించినా అంతే. మెడ ఆలస్యంగా నిలిచింది. నిలిచాక తలను ఒక్కసారిగా పక్కకు విసరడం మొదలుపెట్టింది. దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. పక్కింటామె ఊరుకుందా?

"గింత పొగరేంది అవ్వా నీ మనుమరాలికి? తల్లి పిలుస్తుంటే మొకం తిప్పుకుంటాంది."

నవ్వులాటకే అంది. మీ అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె దిగులు ఒక్కటే, తన మొహం ఆ బిడ్డకు కనిపిస్తోందా లేదా అని.

అందుకని నేను పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు చెంపలూ పట్టి తల కదలకుండా ఆపేదాన్ని. మీ అమ్మ ఒక పక్కకు జరిగి పిలిచేది, కళ్లు వెంట వస్తాయేమోనని. రాలేదు. మిగతా వేళంతా చీర ఉయ్యాలే. ఆ చీర రెండు వైపులా తలను పట్టి ఉంచేది. అందులో తల విసరదు, నెమ్మదిగా ఉంటుందని మా సంబరం.

చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ తలకు స్కాన్ తీయించింది. చిన్న మెదడు నడిమి భాగం సరిగా ఏర్పడలేదంది. ఆ ఫిల్ములో మెదడు కాడ దగ్గర దవడ పన్ను ఆకారం కనిపించింది. అదే ఈ జబ్బుకు గుర్తట, చాలా అరుదట. నడక, మాట ఆలస్యమవుతాయని, నయం చేసే మందు లేదని చెప్పింది. మీ అమ్మ అన్నీ విన్నది.

"నేను కనవడ్తున్ననా మేడమ్ దానికి?"

"కనబడుతున్నావమ్మా. కళ్లను తనంతట తను పక్కకు తిప్పలేకపోతోంది. అందుకే తల విసిరి చూస్తుంది. ఆ తల పట్టుకోకండి."

ఇంటికి రాగానే మీ అమ్మ చీర ఉయ్యాల విప్పేసింది. చాప మీద బిడ్డను నా పొట్టకు ఆనించి కూర్చోబెట్టి, తను పక్కకు వెళ్లి పిలిచింది. తల విసురుగా వచ్చింది, ఆమెను దాటిపోయింది కూడా. కళ్లు మాత్రం ఆమె మీద ఆగాయి. తర్వాత తల మెల్లగా వెనక్కి వచ్చింది.

అలవాటుగా నా చేతులు పైకి లేచాయి.

"ముట్టకు అత్తమ్మా. నన్ను చూస్తాంది."

చేతులు దించేసి, కదలకుండా కూర్చున్నాను.