పోయిందని చెప్పిన లైసెన్సు

లైసెన్సు పోయిందని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం కాదని నా ధీమా. జేబులోంచి జారినా పోయిందే అంటాం, పోలీసులు లాక్కున్నా పోయిందే అంటాం. బెంగళూరులో స్నేహితుడి గృహప్రవేశానికి పోయి, రెండు పెగ్గులు వేసుకొని, పక్కవీధి దాకానే కదా అని కారు తీశాను. వీధి మలుపులోనే ఆపి, గొట్టం నోటి ముందు పెట్టి ఊదమన్నారు. ఊదాను. కోర్టు, జరిమానా, ఆర్నెల్లు లైసెన్సు సస్పెన్షను. ఇదంతా నాయనకు చెప్పాలా? చచ్చినా చెప్పను అనుకున్నాను.

నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడి టీచరుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో సంఘ పెద్ద. మా బంధువుల్లో ఎవడైనా తాగి గొడవ చేస్తే ఆ ఇంటికి పోయి, వాణ్ణి కూర్చోబెట్టి బుద్ధి చెప్పేది ఆయనే. అట్లాంటి మనిషి ముందు తాగి పట్టుబడ్డ కొడుకుగా నిలబడటం నా వల్ల కాదు. లైసెన్సు వచ్చినా రాకపోయినా, ఆ సంగతి మాత్రం ఆయన చెవిన పడకూడదు.

డూప్లికేటు మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి ఆర్నెల్లు నెట్టుకొచ్చాను. కారు రిపేరన్నాను. బనగానపల్లెలో పెళ్లికి బస్సే హాయి అన్నాను. గడువు తీరిన మర్నాడే నంద్యాలకు, బ్రేకిన్‌స్పెక్టర్ ఆఫీసుకు, అదే ఆర్టీవో ఆఫీసుకు పోయాను. కంప్యూటర్లో ఇంకా ఆపినట్టే ఉందన్నారు, ఆపినవాళ్లు తీసేస్తేనే మేం చేయగలం అన్నారు. బెంగళూరుకు ఫోన్ చేస్తే, ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి కాగితం రావాలన్నారు. పైగా డ్రైవింగు క్లాసులో మళ్లీ కూర్చొని సర్టిఫికెట్ తేవాలట. ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నవాణ్ణి, క్లచ్ ఏదో బ్రేకు ఏదో నేర్చుకోవాలట! ఒక రాష్ట్రం ఇచ్చింది, ఇంకో రాష్ట్రం ఆపింది, నడుమ నేను ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కాళ్లరిగేలా తిరిగాను. ఎవరి మీద అరవాలో తెలియక ఒళ్లు మండిపోయేది. కౌంటర్లో మనిషిది తప్పేమీ లేదు. అదే ఇంకా మంట.

నేను మొహం మాడ్చుకొని రావడం నాయన చూస్తూనే ఉన్నాడు. ఒక రోజు పొద్దున నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"పోయినదానికి ఇన్నిసార్లు తిరిగేదేందప్పా? కంప్లయింటు ఇచ్చేసినా. దీన్ని చూపించి డూప్లికేటు తీసుకుందాం పా, నేనూ వస్తా."

నా లైసెన్సు ఆళ్లగడ్డ బస్టాండులో పోయిందని ఆయన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. కింద తన సంతకం, పైన పోలీసు స్టేషన్ ముద్ర. బస్టాండులో అని ఆయనతో ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు. అనే ఉంటాను, ఆ ఆర్నెల్లలో ఏమేం చెప్పానో ఎవడికి గుర్తు? అంతటితో ఆగాడా అంటే లేదు. చర్చిలో కూడా అందరికీ చెప్పి, దొరికితే తెచ్చివ్వమన్నాడట. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు పడిపోయిందా అంటే పడిపోలేదు. శుభ్రంగా "సరే నాయనా" అంది.

ఎండలన్నాను, జనం ఎక్కువన్నాను. వినలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని నాతో బస్సెక్కాడు. ఆఫీసులో నాకన్నా ముందు తానే కౌంటరు దగ్గరికి పోయి కాగితం పెట్టాడు. అవతల కూర్చున్న గుమస్తా నంబరు కొట్టి, తెర చూసి, నన్ను చూసి, ఆయన తెల్లజుట్టు చూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, ఇది పోలేదు. తాగి బండి నడిపినాడని బెంగళూరులో పట్టుకున్నారు. ఈ కంప్లయింటు దీనికి పనికిరాదు."

నాయన కాగితం వెనక్కి తీసుకొని నాలుగు మడతలు పెట్టాడు. ఇప్పుడు ఏమేం చేయాలో చెప్పమని అడిగి, వాళ్లు చెప్పిందంతా ఆ కాగితం వెనకే రాసుకున్నాడు. బయటికొచ్చాక తిడతాడని నిలబడ్డాను. రెండు పెగ్గులే నాయనా, పక్కవీధి దాకానే, అని జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన ఒక్కటీ అడగలేదు. నాకు కోపమొచ్చింది, నిజంగానే ఆయన మీదే వచ్చింది. తిట్టొచ్చు కదా, ఒక్క దెబ్బ వేయొచ్చు కదా. ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బస్సు దిగి నేరుగా పోలీసు స్టేషనుకు నడిచి, తాను రాసింది తప్పని, వాపసు తీసుకుంటానని చెప్పాడు. ఎందుకు తప్పో చెప్పలేదు. నేను వాకిట్లోనే నిలబడ్డాను.

ఆ తర్వాత బెంగళూరువాళ్లు అడిగిన కాగితం ఎట్లాగో వచ్చింది. క్లాసులో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చొని సిగ్నళ్ల బొమ్మలు గుర్తుపట్టాను. లైసెన్సు చేతికొచ్చింది. ఇంట్లో టేబుల్ మీద పెడితే నాయన చూసి, "మంచిది" అన్నాడు, అంతే. గండం గడిచిందనుకున్నాను.

ఆ ఆదివారం చర్చి మెట్ల దగ్గర, ఆయన దగ్గర చదువుకున్న ఒకామె ఎదురొచ్చి పలకరించింది.

"మీవాడి లైసెన్సు దొరికెనా సార్?"

నాయన నా వైపు చూడలేదు.

"దొరికిందమ్మా. ఇంట్లోనే పడుండె."

నా నలభై రెండేళ్లలో ఆయన నోట అబద్ధం వినడం అదే మొదటిసారి. ఆమె సంతోషపడి, దేవునికి స్తోత్రం అంటూ లోపలికి పోయింది.

అది ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుగా లేచేది ఎప్పుడూ నాయనే. నోట్లో అబద్ధం పెట్టుకొని ఆ గిన్నె ముట్టకూడదని ఆయనకు పట్టింపు. మా వరుస వంతు వచ్చింది. ఆయన లేవలేదు. మోకాళ్లు పక్కకు తిప్పి, మిగతావాళ్లకు దారిచ్చాడు. పాస్టరు గిన్నె పట్టుకొని మా వైపు కాసేపు చూశాడు. వెనక ఎవరో గుసగుసలాడారు. నాయన తల వంచుకొని, వేళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. నేనూ లేవలేకపోయాను. మా బెంచీ మీద ఇద్దరమే మిగిలాం.