నినాదమిచ్చే మనిషి ఎత్తు

మహబూబాబాద్‌ల మాకు ఒక వెల్డింగ్ చాచా ఉండె. తన షాపు రేకుల కింద గూడ వంగి నడిచేటంత పొడుగు మనిషి. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్ల గూడ ఆయన నోట ఒక్క నినాదం వినలే. మనోడా కాదా అని మాకు అనుమానం.

భూపాలపల్లి అడవి తొవ్వల మా టాపు లేని జీపు బోల్తాపడి మా అన్న చెయ్యి విరిగింది. మళ్ల మీటింగులకు పోవాలంటే పైన ఇనుప పైపుల పంజరం ఉండాలని జీపును చాచా దగ్గరికి తెచ్చినం. ఆయన మమ్మల్ని సీట్లల్ల కూసోబెట్టి, "జర జై తెలంగాణ అనుర్రి" అన్నడు. సిగ్గుపడుకుంటనే అన్నం. మా తలలు ఎందాక లేస్తయో చూసి, ఆడికెల్లి జానెడు పైకి కొలిచి, పక్కన నిలబెట్టిన పైపు మీద సుద్దతో గీత గీసిండు.

"ఊకె కూసున్న మనిషి ఎత్తు వేరు బేటా, నినాదమిచ్చే మనిషి ఎత్తు వేరు."

పనైనంక చూస్తే వెనక సీటు మీది పైపు అన్నిటికన్న ఎత్తుగ ఉంది. మా అందర్ల గంత పొడుగోడు ఎవడూ లేడు. "గిది ఎవరి కొలత చాచా?" అంటే బీడీ ముట్టిచ్చుకున్నడు.

తెల్లారి భూపాలపల్లికి బయల్దేరుతుంటే, చాచా షాపుకు తాళమేసి వచ్చి వెనక సీట్ల కూసున్నడు. ఊరు దాటంగనే మాకంటె ముందు ఆయన గొంతే లేసింది. తిరిగి చూసిన. తలకు, పైపుకు నడుమ సరిగ్గ జానెడు.

ఒక్కడే ఆ జీపుల కూసోని, ఎవరూ వినకుంట ఎప్పుడు అరిచి కొలుసుకున్నడో.