మా వదినె ఎంచి ఇచ్చిన బండి ప్యాంటు

శుక్రవారం పొద్దున అమ్మవారి ముందు దీపం వెలిగించి దండం పెట్టుకుంటుంటే మా ఆయన ఫోను మోగింది. అవతలి మాట నాకు వినిపించలేదు. ఆయన "ఎప్పుడు?" అని ఒక్కటే అడిగి, గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయారు. బోధన్ దగ్గరి పల్లెలో ఉండే మా వదినె, అంటే మా ఆయన అక్క, తెల్లవారుతుండగా కన్నుమూసింది. జబ్బు నెలల నాటిది. మేమంతా మనసు గట్టి చేసుకునే ఉన్నామనుకున్నాం. గట్టి చేసుకున్న మనసు ఆ ఒక్క మాటకే కరిగిపోయింది.

మా అమ్మాయి సిరికొండ వైపు పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. అప్పటికే డ్యూటీకి బయలుదేరింది. కబురు అందగానే దారిలోంచే బండి తిప్పుకుని పోయింది. మేము బస్సు దిగి ఆ ఇల్లు చేరేసరికి వాకిట్లో హెల్మెట్ పట్టుకుని ఏడుస్తూ నిలబడి ఉంది. చూడవచ్చిన వాళ్లలో ఒక పెద్దామె "సావింటికి గీ ప్యాంటేందే?" అని గొణిగింది. నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాదు. తల వంచుకుని లోపలికి పోయాను. ఆ ప్యాంటు ఎంచి ఇచ్చింది లోపల చాప మీద పడుకుని ఉన్న మనిషేనని ఆ పెద్దామెకు ఎట్లా తెలుస్తుంది? ఆ రోజు చెప్పలేకపోయిన జవాబునే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

మా వదినె సరదాకు బండి నేర్చుకోలేదు. వాళ్లది చెరుకు సేద్యం. ఆమె భర్తను నేను అన్న అంటాను. ఆయనకు చిన్నప్పటి నుంచి కుడికాలు సరిగ్గా పనిచేయదు. కర్ర పట్టుకుని నడుస్తాడు. అందుకని గేర్ల బండి ఆమె నడిపేది, ఆయన వెనక కూర్చునేవాడు, ఇద్దరి మధ్యా నీళ్ల ఇంజనుకు పోసే డీజిల్ డబ్బా. కొత్తలో ఊరంతా నవ్విందట. తర్వాత ఆ ఊరి వాళ్లే పురుటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా ఆమె వాకిట్లోకి పరుగెత్తేవాళ్లు.

చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. రాలిన ఆకు తడిసి రోడ్డంతా జారుడుగా ఉండేది. ఒక సంక్రాంతి ముందు రోజుల్లో ఆమె ఒక్కతే వస్తూ ఆ ఆకు మీద జారి పడింది. చీరను పైకి దోపుకుని, లోపల అన్న పాత ప్యాంటు వేసుకుని ఉందప్పుడు. తొడ నుంచి మోకాలి దాకా తోలు లేచిపోయింది. "రోడ్డు మనల్ని కొబ్బరి కోరినట్టు కోరుతదే మరదలా" అని చెప్పేది, నవ్వుతూనే. ఆ తర్వాతే బండి నడిపేవాళ్ల కోసం ప్రత్యేకంగా కుట్టే ప్యాంట్లు ఉంటాయని ఎవరో చెప్తే వెతికి తెప్పించుకుంది. పైన మామూలు జీన్స్ లాగే ఉండేది. దాని మీద మోకాళ్ల కిందికి వచ్చే కమీజు వేసుకుని, బొట్టు పెట్టుకుని, పూలు పెట్టుకుని బండెక్కేది.

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చినప్పుడు మా ఇంట్లో పండుగ కాలేదు. పని ఊరూరా తిరిగి మేకలకు, బర్రెలకు సూదులు వేయడం. ఆ కొండల్లో బస్సు పోయే ఊళ్లు తక్కువ. బండి లేకుంటే ఉద్యోగమే లేదు. మా ఆయన వద్దన్నారు. నాకూ భయమే. అమ్మాయి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే చూడలేక వదినెకు ఫోను చేశాను. మర్నాడే వచ్చింది.

"ఏం తమ్మీ, చదివిచ్చి పిల్లను ఇంట్ల కూసోపెడ్తవా?"

"నువ్వు పడ్డది యాది లేదా అక్కా? మంచం దిగుతవో దిగవోనని ఏడ్చినం."

"యాదుంది. గందుకే వచ్చిన. పడుడు మన చేతుల లేదు. పడ్డప్పుడు ఒంటి మీద ఏముండాల్నో గది మన చేతుల ఉంది. సరైన ప్యాంటు దొరికితె పంపుతవా?"

మా ఆయన "నీ మనసుకు సరైందనిపిస్తేనే. లేకుంటె ఉద్యోగం బంద్" అన్నారు. అట్లా మా అమ్మాయి ఉద్యోగం వదినె నోటి మాట మీద నిలబడింది. చేరాల్సిన గడువు దగ్గర పడుతోంది.

నిజామాబాద్ బజారులో హెల్మెట్లు, జాకెట్లు అమ్మే ఒక దుకాణానికి వదినె తన బండి మీద, అమ్మాయీ నేనూ ఆటోలో పోయాం. గడ్డం నెరిసిన దుకాణదారు మర్యాదగా కుర్చీలు వేశాడు. వదినెను ఆపా, అంటే అక్కా, అని పిలిచాడు.

"భాయ్, పిల్లకు బండి ప్యాంటు కావాలె. షోకుది గాదు, పడితె కాపాడేది."

"లేడీసుది స్టాకు లేదు ఆపా. జెంట్సుదే చిన్న సైజు ఇస్త. అందరు ఆడపిల్లలు గదే తీస్కపోతున్నరు."

వదినె ఒక ప్యాంటు అందుకుని రెండు వేళ్లతో నొక్కి చూసింది. "గిది మంచి మందముంది" అంది. ఆయన నవ్వాడు. "మందం సూడకు ఆపా. మందం దుప్పటికి గుడ ఉంటది." ప్యాంటును తిరగేసి చూపించాడు. తుంటి దగ్గర, కూర్చునే చోట, మోకాళ్ల దగ్గర లోపల పచ్చటి పొర ఒకటి కుట్టి ఉంది. "జారినప్పుడు రోడ్డు దీన్ని తినాలె, చర్మాన్ని గాదు. గీ పొర ఎంత దూరం ఉందో సూడు." వదినె ఆ పొరను చాలాసేపు తడిమింది. "ఇన్నేండ్ల నుంచి ఏసుకుంటున్న. గిది నాకు ఎర్కనే లేదు భాయ్" అని ఒప్పుకుంది. కొత్త సంగతి తెలిస్తే ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయ్యేది.

అమ్మాయి లోపలికి పోయి మగవాళ్ల ప్యాంటు వేసుకుని వచ్చింది. నాకైతే బాగానే కనిపించింది. వదినె ఆమెను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయి తన బండి మీద కూర్చోబెట్టింది. కూర్చోగానే సంగతి బయటపడింది. మోకాలికి దెబ్బ తగలకుండా లోపలి జేబులో పెట్టే గట్టి ప్యాడ్ పిక్క మీదికి జారింది. తుంటికి బిగుతుగా ఉన్నా నడుము వెనక నా పిడికిలి పట్టేంత సందు.

"దిగు. ఇప్పుడు మేక కాలు పట్టుకున్నట్టు కింద కూసో. పొద్దంత నీ పని గదే గదా."

అమ్మాయి సిగ్గుపడుతూ రోడ్డు పక్కన గొంతుక్కూర్చుంది. పక్క హోటల్లో చాయ్ తాగుతున్నతను ఊరుకోలేదు.

"ఏం పెద్దమ్మా, ప్యాంటు కొంటున్నవా, కుస్తీ నేర్పుతున్నవా?"

"కుస్తీనే బిడ్డా, రోడ్డుతోని. నువ్వు గుడ రా, నీ బొజ్జకో ప్యాడ్ ఏపిస్త."

చాయ్ కొట్టంతా నవ్వింది. వదినె మాత్రం ప్యాంటు మడిచి దుకాణదారు చేతికిచ్చి "ఇది గాదు" అంది. ఆడవాళ్ల కొలతతో కుట్టింది హైదరాబాదు నుంచి తెప్పిస్తానని ఆయన అన్నాడు. ఎన్నాళ్లకు వస్తుందో మాత్రం చెప్పలేకపోయాడు. అమ్మాయి కళ్లనిండా నీళ్లు.

"అత్తమ్మా, మంచిగుందని చెప్పు. బాపు నిన్నే అడుగుతడు. గడువు దాటితే ఉద్యోగం పోతది."

"మీ బాపుకైతే చెప్త బిడ్డా. రోడ్డుకెట్ల చెప్పాలె?"

ఇంటికొచ్చాక అమ్మాయి అత్తతో మాట్లాడడం మానేసింది. వదినె ఆ అలకను పట్టించుకోలేదు. రోజూ దుకాణానికి ఫోను చేసి ఆ పెద్దాయన ప్రాణం తీసింది. నేను మంగళవారం ఉపవాసం ఉండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకోవాలో కూడా సరిగ్గా తెలియలేదు. ప్యాంటు రావాలనా, రాకుండా ఉండాలనా? చివరికి "పిల్లకు మేలైంది చెయ్యి తండ్రీ" అని ఊరుకున్నాను.

గడువుకు కొంచెం ముందు ప్యాంటు వచ్చింది. వదినె వచ్చి మా వాకిట్లో మళ్లీ అమ్మాయిని బండి మీద కూర్చోబెట్టింది. నడుము సరిగ్గా పట్టింది. వంగినా వీపు కనబడలేదు. మోకాలి ప్యాడ్ కొంచెం కిందికి ఉంటే, లోపలి జేబులో దాన్ని పైకి జరిపి అతికించింది. కానీ అమ్మాయి నిలబడితే అంచు నేల మీద జీరాడుతోంది. నేను కొలిచి కత్తిరిద్దామని కత్తెర తీసుకొచ్చాను.

"కత్తెర ఆడ పెట్టు మరదలా!" అని కేకేసింది. తన ప్యాంటు కాలు పైకి లాగి పిక్క చూపించింది. రూపాయి బిళ్లంత కాలిన మచ్చ. మొదటి ప్యాంటును ఆమె కూడా నిలబడి కొలిపించుకుని, ఊరి దర్జీతో కత్తిరించిందట. మర్నాడు బండెక్కితే అంచు పైకి పోయి వేడి సైలెన్సర్ అంటుకుంది. "నిలబడి సూస్తే అందం, కూసోని సూస్తే బుద్ధి. గంత తెలివి నాకు కాలినంకనే వచ్చింది."

కొత్త బట్ట గనక పసుపు నన్నే పెట్టమంది. అంచు లోపలి వైపు పెట్టాను. పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. "నువ్వు దండం పెట్టు, నేను ప్యాడ్ పెడ్త. పిల్లకు రెండూ కావాలె" అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి "పంపు తమ్మీ" అంది. మా ఆయన సరేనన్నారు. అమ్మాయి అత్తను వాటేసుకున్న తీరుకు ఆమె వెనక్కి పడబోయింది. "నన్ను పడగొడ్తవానే! నా ఎన్కకు ప్యాడ్లు లేవు" అని నవ్వింది.

ఆ వానాకాలంలోనే సిరికొండ దిగువలో మేకలు అడ్డం వచ్చి అమ్మాయి జారి పడింది. అరచేయి గీసుకుపోయింది. ప్యాంటు తుంటి దగ్గర పై బట్ట చిరిగి దారాలు తేలాయి. లోపలి ఒంటికి ఏమీ కాలేదు. నేను స్వామికి కొబ్బరికాయ కొట్టాను. వదినె వచ్చి పిల్లను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుని, తర్వాత ఆ చిరిగిన చోట చెయ్యి వేసింది. "ఇది దాని పని అది చేసింది. మల్లొకసారి అడ్డం పడమని అడగొద్దు" అని కొత్తది తెప్పించే దాకా పిల్లను బండి ఎక్కనివ్వలేదు. ప్రసాదం కొబ్బరి మాత్రం సగం ఆమే తిన్నది.

కడుపులో జబ్బు అని తెలిశాక ఆమె తొందరగా చిక్కిపోయింది. నిజామాబాద్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, కొంచెం తెరిపి ఉన్న ఒక సాయంత్రం, తోట చూసొస్తానని ప్యాంటు వేసుకుంది. నేను అక్కడే ఉన్నాను. అన్న కర్ర పట్టుకుని ఎప్పటిలా వెనక ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె బండి మీద కూర్చుంది. ప్యాడ్లు రెండూ మోకాళ్ల నుంచి జారి పిక్కల మీదికి పోయాయి. పైకి లాక్కుంది, మళ్లీ జారాయి. కాసేపు హ్యాండిల్ పట్టుకుని అట్లాగే కూర్చుంది. అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఒక్కసారి పోయి వస్తే ఏమవుతుంది? ఆమె పోలేదు. స్టాండు వేసి దిగి, "నాకు సరిపోతలేదు మరదలా" అంది, దుకాణంలో చెప్పినంత మామూలుగా. మళ్లీ బండి ఎక్కలేదు. ఆ రోజు తోటకు ఎవరూ పోలేదు.

చివరి రోజుల్లో మంచం మీద నుంచే అడిగేది. మా అమ్మాయి వస్తే ముందు ఆరోగ్యం సంగతి కాదు, "ప్యాడ్ పైకే ఉందానే?" అనేది. అమ్మాయి ప్యాంటు మీద నుంచే మోకాలు తట్టి చూపించేది. ఇప్పుడు అమ్మాయి పొద్దున బండి తీసేటప్పుడు నేనే గుమ్మం దాకా వచ్చి నిలబడుతున్నాను. అడగాలనుకుంటాను. ఆ మాట నా గొంతులో ఆమె గొంతులా పలకదు. సాయంత్రం వీధి మలుపులో ఏదైనా బండి మెల్లగా ఆగితే చేతిలో పని వదిలి తొంగి చూస్తాను. చెరుకు ముక్కల సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని "ఏమే మరదలా, చాయ్ పెట్టు" అంటూ దిగే మనిషి కోసం. పూజలో కూర్చున్నా చెవి వీధి వైపే ఉంటోంది. దేవుడు క్షమిస్తాడనుకుంటాను.

దశదిన కర్మ అయిన మర్నాడు, బయలుదేరే ముందు అన్న కోసం చూస్తే పెరట్లో ఉన్నాడు. వదినె ప్యాంటు తనే ఉతికి దండెం మీద వేశాడు. ఇన్నేళ్లలో ఆయన దాన్ని ఉతకడం నేను చూడలేదు.

"కోడలా, మంచి ప్యాంటు. నువ్వేసుకుంటవా?" అని మా అమ్మాయిని అడిగాడు.

అమ్మాయి దగ్గరికి పోయి ప్యాంటు నడుము పట్టుకుని చూసింది. అడిగిన మనిషి ముఖం చూసింది.

"నాకు లూజయితది మామా. అత్తమ్మ ఉంటే ఒప్పుకునేది గాదు."

"అవు బిడ్డా," అన్నాడు. "ఒప్పుకునేది గాదు."

ఉతికేటప్పుడు ప్యాడ్లు తీసేయాలని ఆయనకు తెలియదు. అవి లోపలే ఉండిపోయాయి. అందుకని ప్యాంటు మిగతా బట్టల్లా నిలువుగా వేలాడకుండా, దండెం మీద మోకాళ్లు ముందుకు వంచి, చెరుకు తోట వైపు తిరిగి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా కొంచెం ముందుకు ఊగుతోంది. అన్న కర్ర గోడకు ఆనించి, స్టూలు లాక్కుని, ఎప్పటిలా సరిగ్గా దాని వెనకే కూర్చున్నాడు. అంచుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి.