కవలలతో గెంతుడు పరీక్ష

ఫిజియోథెరపీ చివరి ఏడాదిలో నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ముగ్గురికి ఒక గది. మిగతా ఇద్దరూ జనగామ వైపు నుంచి సాఫ్ట్‌వేర్ కోచింగుకు వచ్చిన కవలలు. ఒకే ముక్కు, ఒకే గొంతు, ఆఖరికి తుమ్ము కూడా ఒకటే. పెద్దది, చిన్నది అని పిలిచేవాళ్లం. ఎవరు పెద్దదో నాకు బాగా తెలుసని అందరితోనూ చెప్పేదాన్ని. నాకు తెలియదన్న సంగతి వాళ్లిద్దరికీ బాగా తెలుసు.

ఆ ఏడు మా క్లాసులో తలా ఒక చిన్న ప్రాజెక్టు చెయ్యాలి. ఒక్క ఉదుటున బయటికొచ్చే బలం, అంటే నిలబడ్డచోటి నుంచి పైకి ఎగరడానికో, కదులుతున్న బస్సును అందుకోవడానికో కాళ్లు చూపించే బలం, పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా అన్నది నేను ఎంచుకున్న విషయం. మన కండరాల్లో రెండు రకాల పోగులుంటాయి. కొన్ని చురుకైనవి, గబుక్కున బిగుసుకుంటాయి, తొందరగా అలిసిపోతాయి. కొన్ని నిదానమైనవి, చాలాసేపు ఓపిగ్గా పనిచేస్తాయి. ఎవరికి ఏవి ఎక్కువన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచి వస్తుంది. ఉన్నవాటికి ఏ పని నేర్పుతామన్నది మన చేతిలో ఉంటుంది. పుస్తకంలో ఇంతవరకు చదివి తలెత్తేసరికి, ఎదురుగా మంచం మీద ఒకేలాంటి మనుషులిద్దరు ఒకేలా కాళ్లు ముడుచుకుని సకినాలు తింటున్నారు. జన్యువులు ఒకటే. ఇక మార్చాల్సింది సాధన ఒక్కటే. దేవుడు నాకోసమే ఆ గది చూసి పెట్టాడనిపించింది.

అప్పటికప్పుడు వాళ్లకు జన్యువుల మీద పెద్ద పాఠం చెప్పాను. వాళ్లు సకినాలు నములుతూ శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా విన్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

పద్ధతి ఇదీ. పెద్దది పొద్దున్నే నాతో డాబా మీదికి రావాలి. అక్కడ నీళ్లట్యాంకు పక్కన ఒక సిమెంటు దిమ్మె ఉండేది. దాని మీంచి కిందికి దూకి, కాళ్లు నేలకు తగలగానే క్షణం ఆగకుండా పైకి ఎగరాలి. చురుకైన పోగులను నిద్రలేపే సాధన అది. చిన్నది అదే సమయానికి రోడ్డెక్కి, మెట్రో లైను కింద మెల్లగా పరిగెడుతూ పంజాగుట్ట దాకా వెళ్లి తిరిగి రావాలి. అది నిదానం పోగుల పని. కొన్ని వారాలయ్యాక ఇద్దరినీ గోడ పక్కన నిలబెట్టి కొలుస్తాను. వేళ్లకు సుద్దపొడి రాసుకుని, ముందు నిలబడి చెయ్యెత్తి ఒక గుర్తు, తర్వాత ఎగిరి ఇంకో గుర్తు. రెండింటి మధ్య దూరమే లెక్క. మొదటి రోజు కొలిస్తే ఇద్దరిదీ సమానంగా వచ్చింది. అలాగే రావాలి కూడా.

ఎవరెవరో తికమకపడకుండా నేనే తెలివిగా చేతులకు రెండు రబ్బరు బ్యాండ్లు కొనిచ్చాను. పెద్దదానికి ఎరుపు, చిన్నదానికి పసుపు. అంతకుముందు నాకు వాళ్ల ముఖాలు చూడటమనే అలవాటు కాస్తయినా ఉండేది. బ్యాండ్లు వచ్చాక అదీ పోయింది.

వారాలు గడిచాయి. ఎరుపు బ్యాండు నా ముందు బుద్ధిగా గెంతేది. పసుపు బ్యాండు చెమటలు కక్కుతూ రోడ్డు మీంచి తిరిగొచ్చేది. నేను గోడకానుకుని టీ తాగుతూ, మోకాళ్లు లోపలికి పోనియ్యొద్దని సలహాలిచ్చేదాన్ని. మళ్లీ కొలిచే రోజు వచ్చింది. పెద్దది ఎగిరింది, గీత పైకి పోయింది. చిన్నది ఎగిరింది, గీత సరిగ్గా అంతే పైకి పోయింది. మళ్లీ మళ్లీ ఎగిరించాను. వేలెడు తేడా కూడా లేదు. రోడ్డు మీద మెల్లగా పరిగెత్తిన పిల్ల, నెలకు పైగా గెంతిన పిల్లతో సమానం. సాధన గీధన ఏమీ లేదు, అంతా జన్యువులదే రాజ్యమని తేల్చేసి, ఆ మాటే ఘనంగా రాసుకుని మా గైడు మేడం దగ్గరికి పరిగెత్తాను.

మేడం మామూలుగా ఏ విషయానికీ తొందరపడదు. పంజాగుట్టలో మేము ప్రాక్టీసుకు వెళ్లే క్లినిక్‌లో కూర్చుని నా కాగితాలు చదివి, ఇంత చక్కగా వచ్చిన ఫలితం తన సర్వీసులో చూడలేదంది. నేను పొంగిపోయాను. అది పొగడ్త కాదని ఆమె కళ్లజోడు తీసి తుడిచాక గానీ అర్థం కాలేదు. ఇంకొన్నాళ్లు చెయ్యమంది, దూకే ఎత్తు కాస్త పెంచమంది.

దిమ్మె మీద రెండు ఇటుకలు పేర్చి ఎత్తు పెంచాను. అలవాటు లేని ఎత్తు నుంచి దూకితే తొడలు మర్నాడు గానీ సంగతి చెప్పవు. ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు చెబుతాయి. మర్నాడు పొద్దున నేను హాస్టల్ మెట్ల కింద నిలబడి ఉండగా పైనుంచి ఒక కవల దిగుతోంది. ముఖం గోడవైపు, రెండు చేతులూ కమ్మీ మీద, ఒక్కో మెట్టుకీ ఒక మూలుగు. చేతికి పసుపు బ్యాండు. దాని వెనకే ఎరుపు బ్యాండు ఈల వేసుకుంటూ రెండేసి మెట్లు దిగి వచ్చింది.

ఏమైందని పసుపు బ్యాండును అడిగాను. బాత్రూములో జారిందట. నేను ఫిజియోథెరపీ చదివేదాన్ని కదా. ఇలా కూర్చోమని రెండు తొడలూ నొక్కి చూశాను. రెండూ ఒకేచోట, ఒకేలా నొప్పి. బాత్రూములో ఎవరైనా ఒక పక్కకు జారతారు గానీ, రెండు పక్కలకూ సమానంగా జారరు. అయ్యో పాపం అని వేడినీళ్లతో కాపడం పెట్టుకోమని పంపేశాను.

నొప్పులు తగ్గేదాకా రెండు రోజులు ఊరుకుని, తలనొప్పిగా ఉంది, రేపు గెంతుడుకు సెలవన్నాను. చిన్నదాని పరుగుకు మాత్రం సెలవు లేదన్నాను. పొద్దున్నే వాళ్లకంటే ముందు షేర్ ఆటో ఎక్కి పంజాగుట్టలో దిగి, ఫ్లైఓవర్ దాపున నిలబడ్డాను. కాసేపటికి పరుగు వచ్చింది. ఒక్కతి కాదు, ఇద్దరూ వచ్చారు. నేరుగా ఒక టిఫిన్ బండి దగ్గరికి వెళ్లి, అలవాటైన వాళ్లలా ప్లేట్లు అందుకున్నారు. బండాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దోశ తిరగేయడం మరిచిపోయాడు.

"ఇన్ని దినాల సంది ఒక్క పోరే అనుకున్న," అన్నాడు. "ఒకదినం కారం మస్తుగ ఎయ్యమంటది, తెల్లారి కారమే వద్దంటది. గీ పిల్లకు ఏమైందో అని ఫికరైతుండె."

నేను వెళ్లి వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాను. ఒకతి, అది పెద్దదని తర్వాత తేలింది, ప్లేటు వీపు వెనక దాచింది. చిన్నది మాత్రం తొణక్కుండా నాకూ ఒక ప్లేటు చెప్పింది. విషయం మొత్తం అక్కడే బయటపడింది. మొదటి వారంలోనే పరుగుకు వెళ్లిన చిన్నది ఈ బండిని కనిపెట్టింది. గదికి వచ్చి అక్కకు చెప్పింది. అప్పటి నుంచి రోజు విడిచి రోజు వంతులు. గెంతేవాళ్లు ఎరుపు, దోశ తినేవాళ్లు పసుపు. చెమటల్లో సగం పరుగువి కావు, మండే చట్నీవి.

నేను వారాల తరబడి పడ్డ కష్టం గుర్తుచేశాను. ఇదేం పని అని గట్టిగానే అడిగాను.

"దోశ ఒక్కదానికే అయితే ఎట్లక్కా?" అంది పెద్దది. "ఇంట్ల ఏది దెచ్చినా మా అమ్మ చెరిసగం జేసి పెట్టేది."

"అయినా జన్యువులు ఇద్దరియి ఒక్కటే అని నువ్వే జెప్పినవ్," అంది చిన్నది. "ఎవలు గెంతితే ఏంది అనుకున్నం."

నా పాఠం నాకే తిప్పికొట్టింది. ప్లేటు అందుకుని దోశ తిన్నాను. చాలా బాగుంది, అది ఇంకా కోపం తెప్పించింది.

మేడానికి చెప్పక తప్పలేదు. ఆవిడ సాంతం విని, తిట్టలేదు.

"రెండు గిన్నెల్లో చెరిసగం పాలు పోసి, రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఇదంతా ఆవు గొప్పదనమంటావేంటమ్మా?" అంది.

మళ్లీ మొదలుపెట్టాం. ముందు కొన్ని వారాలు ఇద్దరినీ ఊరికే కూర్చోబెట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు పనిలో దించాను. ఈసారి ఒప్పందాలు వాళ్లు రాయించుకున్నారు. పరుగెత్తేది దోశ పార్సిల్ తెచ్చి గెంతేదానికి ఇవ్వాలి. ఇక గెంతేదానికి తోడుగా నేనూ గెంతాలి. టీ తాగుతూ సలహాలివ్వడం కుదరదన్నారు. నేను గుంటూరు దాన్ని. మా ఇంట్లో అందరూ మాటల్లో తప్ప ఎగిరినవాళ్లు కారు. మొదటి రోజు నా రెండు గుర్తుల మధ్య జానెడు కూడా లేదు. కవలలు గోడ దగ్గరికి వెళ్లి, నేను ఎగిరానో, మడమలు మాత్రమే ఎత్తానో అని చర్చ పెట్టుకున్నారు.

వానలొచ్చాయి, డాబా జారింది, ఇటుకలు నానాయి, అయినా మానలేదు. బ్యాండ్లు తీసేయించి, పెద్దదాని గోళ్లకు రంగు వేశాను. రోజూ పొద్దున ఆ గోళ్లు చూశాకే మెట్లెక్కనిచ్చేదాన్ని. చివరికి గోడ దగ్గరికి చేరాం. పెద్దది ఎగిరితే గీత మునుపటికంటే బెత్తెడు పైన పడింది. చిన్నదాని గీత దాదాపు పాతచోటే పడింది, కాకపోతే మూడంతస్తులు ఎక్కినా ఆయాసపడటం మానేసింది. కండరాలకు ఏ పని నేర్పితే ఆ పనే నేర్చుకున్నాయి. నాకూ నాలుగు వేళ్లు పెరిగింది. ఎంతో సంబరపడ్డాను, చిన్నదాని లెక్క పక్కన పెట్టి చూసుకునేదాకా. అన్ని వారాలు గెంతిన నేను, మెల్లగా పరిగెత్తి దోశలు తిన్న పిల్లకంటే ఇంకా కిందే ఉన్నాను.

అదే వారం వాళ్లమ్మ ఊరినుంచి వచ్చింది. పొట్టి మనిషి. బట్టలారేయడానికి డాబా మీదికి వచ్చి, గోడంతా ఎవరు ఖరాబు చేశారని కోప్పడింది. కూతుళ్లు చెప్పారు. ఆవిడ కొంగు దోపి, సుద్ద అడిగి, చెయ్యెత్తి ఒక గుర్తు పెట్టింది. ఊపు కూడా తీసుకోకుండా ఎగిరి ఇంకో గుర్తు పెట్టింది. కొలిచి చూస్తే నా లెక్క కంటే ఎక్కువ.

"చిన్నప్పుడు రోజు చింతకాయలకు ఎగురుతుంటిమి బిడ్డా," అని బకెట్ తీసుకుని పోయింది.

ఇది కూడా రాసి మేడానికి చూపించాను. అయితే అది రక్తమా, చింతకాయలా అని అడిగింది. రెంటినీ విడదీయలేనన్నాను. నా కాగితాలన్నిటిలో అదొక్కటే నమ్మదగ్గ మాట అని, దాన్నే ముగింపుగా పెట్టమంది. ప్రాజెక్టు పాసైంది. కవలలకు ఉద్యోగాలు వచ్చాయి, పెద్దదానికి బెంగళూరులో, చిన్నదానికి ఇక్కడే. విడిపోయేటప్పుడు ఇద్దరూ బాగా ఏడ్చారు. ఆ ఏడుపు కూడా ఒకటే.

ఇప్పుడు నేను పంజాగుట్టలోనే పనిచేస్తున్నాను. మొన్న ఒకాయన బ్యాడ్మింటన్ ఆడే కూతురిని తీసుకొచ్చి, పిల్ల రక్తంలో ఆట ఉందో లేదో పరీక్ష చేసి చెప్పమన్నాడు. ముందు మీరు కాస్త ఎగరండి సార్ అన్నాను. ఆయన తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, బూట్లు విప్పాడు.