దేవదానం సార్ రెండో లెక్క

చల్లటి నేల మీద వట్టి పాదం పెట్టగానే నాకు దేవదానం సార్ గుర్తొస్తారు. మా సంస్థలో కంప్యూటర్ గదిలోకి వెళ్ళడానికి ఇప్పుడు చెప్పులు విడవాల్సిన పని లేదు, ఆ నియమం ఎప్పుడో పోయింది. నేను మాత్రం విడుస్తాను. "మేడమ్ గుడికొచ్చినట్టు వస్తది" అని మా స్కాలర్లు వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. ఏసీకి చల్లబడ్డ రాయి అరికాలికి తగిలి, ఫ్యాన్ల హోరు చెవిన పడితే ఇప్పటికీ నా చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. ఇంత చదువు చదివి ఏం లాభం? భయం భయమే.

ఎనభైల చివర సంగతి. మాది నాచారం. నాన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఇక పీహెచ్‌డీయే అని బస్తీ అంతా చెప్పుకుని తిరిగాను. తీరా ల్యాబులో అడుగుపెట్టి నాలుగు రోజులైందో లేదో, సాల్వెంట్ల వాసనకు ఊపిరాడక దవాఖానా పాలయ్యాను. "నీ ఛాతీకి ఈ పని పడదమ్మా" అని డాక్టరు తేల్చేశాడు. సీసా ముట్టుకోలేని కెమిస్టును ఎవరు చేర్చుకుంటారు? అడిగిన ప్రతి గైడూ చేతులెత్తేశాడు. ఆ రోజుల్లోనే ఉప్పల్ దగ్గర ఒక చిన్న పరిశోధనా సంస్థలో ఒకాయన సీసాల్లేకుండా, కంప్యూటర్ మీద లెక్కలు గట్టి కెమిస్ట్రీ చేస్తాడనీ, ఆయన దగ్గర ఒకే ఒక్క సీటుందనీ విన్నాను. అదీ దొరక్కపోతే నా చదువు అక్కడితో సరి.

దేవదానం సార్ కీసర అవతలి పల్లె మనిషి. పొట్టిగా ఉండేవారు. తోలు చెప్పులు, కుడిదానికి తెల్ల దారంతో కుట్టు. నా సర్టిఫికెట్లు చూడనేలేదు. "కీసర గుట్ట ఎక్కినవా?" అని అడిగారు. ఎక్కానన్నాను.

"ఇటు ఎక్కి అటు దిగుతవు. కిందున్నోళ్ళకు ఎక్కకముందు కనబడతవు, దిగినంక కనబడతవు. అణువు గూడ గంతే బిడ్డా. ఒకటి ఇంకోటిగ మారేటప్పుడు ఓ గుట్ట దాటుతది. గుట్ట మీద నిలబడ్డ క్షణం ఏ సీసాల గూడ కనబడది. మనం గా క్షణాన్నే లెక్కగడతం. రేపటి నుంచి రా."

అంతే, చేరిపోయాను. ఏడాది లోపల ఒక ఫలితం కమిటీ ముందు పెడితే సీటు ఖాయం. లేకపోతే ఇంటికి.

ఆయనకో పద్ధతి ఉండేది. ప్రతి లెక్కా రెండుసార్లు, ఇద్దరు వేరువేరుగా చెయ్యాలి. స్కాలర్ చేసింది ఆయన చూడరు. అదే అణువును తన చేత్తో మొదటి నుంచి, ఒక్కో దూరం, ఒక్కో కోణం అంకెలుగా వేసి కట్టి, తన పేరు మీద మిషన్‌కు ఇస్తారు. రెండు జవాబులూ కలిస్తేనే సంతకం. "నా మీద నమ్మకం లేదా సార్?" అని ఒకసారి ఉడుక్కున్నాను. "నా మీదనే లేదు బిడ్డా. ఒక్కని కన్ను ఒక్కతీరుగనే జూస్తది" అన్నారు. అప్పట్లో ఒక్కో లెక్కకు రోజులకు రోజులు పట్టేది. నాది ముందే వచ్చేసింది. మా అణువు గుట్టకు ఎడమవైపు దారిన దిగుతుందని తేలింది. సీసాల్లో ఆ అణువు తయారుచేసే మా ల్యాబు వాళ్ళు ఆశపడ్డదీ అదే. మా అమ్మయితే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించేసింది.

కమిటీ ఇంకో పన్నెండు రోజులుందనగా, సోమవారం పొద్దున పదకొండింటికి సార్ రెండో లెక్క మిషన్‌కు ఇచ్చి, కుర్చీలోంచి లేస్తూనే కూలిపోయారు. కంప్యూటర్ గది ఆపరేటర్ యాదన్న ఆయన్ను చేతుల మీద మోసుకుపోయి జీపెక్కించాడు. దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది. చెప్పులు మాత్రం తలుపు బయట, మొనలు లోపలికి తిరిగి, విడిచినవి విడిచినట్టే ఉండిపోయాయి. వాటినెవరూ ముట్టుకోలేదు. ఊడ్చే ఆమె కూడా చుట్టూ ఊడ్చి పోయేది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు టెర్మినల్ ముందు కూర్చుని, మిషన్‌లో నడుస్తున్న పనుల జాబితా తెరిచాను. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. మొదటి వరుసలో దేవదానం అని ఉంది. పక్కన, నడుస్తోంది అని ఉంది. ఒళ్ళు జల్లుమంది. లెక్క నడుస్తోందని, మనిషి కాదని నాకు తెలియదా? తెలుసు. అయినా రోజూ పొద్దున అదే వరుస, అదే పేరు. బయట చెప్పులు, లోపల పేరు. ఆయన ఇక్కడే ఏదో మూల కూర్చుని పని చూసుకుంటున్నట్టే ఉండేది. అందరూ భోజనాలకు పోయాక ఆ ఖాళీ కుర్చీ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు. ఒక పూట కరెంటు పోయి మిషన్ ఆగింది. మళ్ళీ వచ్చేసరికి అందరి పనులూ చెడిపోయాయి, సార్‌ది ఒక్కటే ఆగిన చోటు నుంచి నడిచింది. ఎప్పటికప్పుడు దాచుకుంటూ పోయే ఏర్పాటుతో ఇచ్చారని తర్వాత తెలిసింది. ఆ పూట తెలియదు కదా, నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"సార్ పేరు తీసెయ్యమని పైనుంచి చెప్పిన్రు శాంతమ్మా" అన్నాడు యాదన్న. "బతికున్నోళ్ళ పని ఎన్నిసార్లు ఆపలే! గిది ఆపనీకి చెయ్యి వస్తలేదు. నువ్వే చెప్పు, ఆపాల్నా?"

"వద్దన్నా" అన్నాను. గురుభక్తి అనుకునేరు. వట్టి భయం.

సార్ పోయిన పదకొండో రోజు, గురువారం మధ్యాహ్నం, ప్రింటర్ దానంతటదే గరగరలాడింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. రెండంచుల వెంట చిల్లులున్న వెడల్పాటి కాగితం మడతలు మడతలుగా వచ్చి పడింది. పైన సార్ పేరు, ఆయన పోయిన సోమవారం తేదీ. దాని కింద, మనకు తోచింది రాసుకోవడానికి వదిలే వరుసలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట: మళ్ళ జూడు బిడ్డా.

 జవాబు చూశాను. కుడివైపు దారి! నాది ఎడమ, ఆయనది కుడి. మూడు గంటలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వెతికితే తప్పు దొరికింది. ఒక కోణం ముందు మైనస్ గుర్తు వెయ్యడం మరిచాను. దాంతో కింద ఉండాల్సిన ఒక హైడ్రోజన్ పైకి పోయి కూర్చుంది. నేను లెక్కగట్టింది అసలు మా అణువునే కాదు, నా మొహం!

కమిటీ శనివారం. ఆ కాగితం చూసింది మేమిద్దరమే, యాదన్నకు అంకెలు అర్థం కావు. చించేస్తే అడిగేవాళ్ళు లేరు. చెప్పొద్దూ, చించుదామనే సంచిలో కుక్కుకుని బయటికొచ్చాను. తలుపు దగ్గర ఆగిపోయాను. సార్ చెప్పుల మొనలు బయటికి తిరిగి ఉన్నాయి.

"యాదన్నా, నువ్వు తిప్పినవా?"

"నేనెందుకు ముట్టుకుంటనమ్మా!" అని తొంగిచూసి అక్కడే నిలబడిపోయాడు. ఊడ్చే ఆమె తిప్పిందేమో. అడగలేదు, ఇప్పటికీ తెలియదు. పని ముగించుకున్న మనిషి ఇంటికి బయల్దేరినట్టు ఉన్నాయవి. సంచిలో కాగితాన్ని చించడానికి ఇక నాకు చేతులు రాలేదు.

శనివారం కమిటీ ముందు రెండు కాగితాలూ పెట్టి, సార్‌ది ఒప్పు, నాది తప్పు అని చెప్పాను. పెద్దాయన కళ్ళజోడు తీసి, "ఆయన లేరు. నువ్వు చెప్పకపోతే మాకెట్లా తెలుస్తుందమ్మా?" అన్నారు. "ఆయనకు తెలుస్తది సార్" అనేశాను. ఎవరూ నవ్వలేదు. సీటు ఖాయం చెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. ఫెలోషిప్ ఆపి ఆరు నెలల గడువిచ్చారు. పొద్దున ట్యూషన్లు చెప్పుకుంటూ అంతా మొదటి నుంచి కట్టాను. సీటు నిలిచింది.

తర్వాతెప్పుడో యాదన్న బీరువా తెరిచి సార్ పాత కాగితాలు చూపించాడు. ఏళ్ళ తరబడివి. ప్రతిదాని మీదా అదే వరుస, మళ్ళ జూడు బిడ్డా. ఏ స్కాలరూ లేని రోజుల్లో ఆయన ఒక్కరే చేసుకున్న లెక్కల మీద కూడా. నాకోసమే రాశారనుకుని ఆ గురువారం రాత్రి ఏడ్చాను, తనకు తనే చెప్పుకున్న మాటని తెలిశాక ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఇవాళ నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి తన మొదటి ఫలితం తెచ్చింది. చూడకుండా పక్కన పెట్టి, ఆ అణువును నా చేత్తో కట్టి, నా పేరు మీద మిషన్‌కు ఇచ్చాను. పైన ఆ మాటే రాశాను. "పెద్ద అణువు గదా, మీరు రిటైరయ్యేలోపు అయిపోతదా మేడమ్?" అని నవ్వింది ఆ పిల్ల. "నేను లేకపోయినా అయిపోతది బిడ్డా" అన్నాను. బయటికొచ్చి, ఎప్పటిలాగే ముందు చెప్పుల వైపు చూసుకున్నాను. మొనలు ఇంకా లోపలికే ఉన్నాయి. పని ఉందన్నమాట.