పొట్టు ఫైల్లో దొరికిన తాడు

పుల్లయ్యగారు చెత్తను వెంటనే పారెయ్యరు. మాదాపూర్‌లో ఆయన పనిచేసే ఆఫీసులో అదొక వేళాకోళం. స్క్రీన్ మీద తుడిచేసిన చుక్కలన్నిటినీ ‘పొట్టు’ అనే వేరే ఫైల్లో దాచి, భోజనానికి లేచేముందు ఒకసారి తిప్పి చూస్తారు. బేతంచెర్లలో వాళ్లమ్మ సరోజమ్మ బియ్యం చెరిగాక పొట్టును వేళ్లతో కెలికి చూసిగానీ పారబోసేది కాదట.

“మాయమ్మకు రోజూ నాలుగు గింజలన్నా దొరికేవి. నాకు ఏడాదికొకటి దొరికినా చాలబ్బా” అంటారు.

వయసు యాభై ఒకటి. ఇరవై ఏళ్లు సర్వేయర్ల వెంట కొలత గొలుసు పట్టుకుని నడిచి, ఆ తరువాత మౌసు పట్టుకున్న మనిషి. ఆయన పనేమిటో నాకు అర్థం కావడానికి టీ బండి దగ్గర మూడు సాయంత్రాలు పట్టింది. లేజర్ యంత్రాన్ని స్టాండు మీద నిలబెడితే అది చుట్టూ తిరుగుతూ, వెలుగు తగిలిన ప్రతిచోటా ఒక చుక్క నమోదు చేస్తుంది. చిన్న సందుకే కోట్ల చుక్కలు. అంత బరువు కంప్యూటర్ మొయ్యలేదు కాబట్టి ఐదు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంచి పలచన చేస్తారు. యంత్రం ముందు నుంచి దాటిపోయిన ఆటోలూ మనుషులూ వదిలిన మరకలు చేత్తో తుడుస్తారు. చుట్టూ తోడు లేకుండా తేలే చుక్కల్ని ఫిల్టరే ఏరేస్తుంది.

పోయిన వేసవిలో నానక్‌రామ్‌గూడ పాత ఊరిలోని సందొకటి ఆయన బల్ల మీదికి వచ్చింది. అక్కడ డ్రైనేజీ పైపులు వెయ్యాలి. ఆ ఫైలు చూసి ఇంజనీరు గీత గీస్తాడు, గీత వెంట జేసీబీ తవ్వుతుంది. ఫైల్లో లేనిది జేసీబీకి లేనట్టే.

పుల్లయ్యగారు పలచన చేశారు, ఫిల్టర్ నొక్కారు, శుభ్రమైన సందును టీమ్ లీడర్ ప్రియాంకకు పంపించారు. ఒక పక్క హాస్టళ్ల మెట్లు, నిలిపిన బైకులు. రెండో పక్క గోడ, దాని వెంట ఖాళీ నేల. పైపులు ఎటు వేస్తారో చెప్పక్కర్లేదు. తరువాత అలవాటు ప్రకారం పొట్టు తెరిచారు. ఆకులు, కాకులు, సగం ఆటో. వాటి మధ్యన, ఆ ఖాళీ గోడ వెంట కొన్ని చుక్కలు ఒకే ఎత్తులో వరసగా నిలబడి ఉన్నాయి.

“ప్రియాంకమ్మా, ఒకసారి ఇట్లా రా. చెత్త వరసలో నిలబడతాదా?”

“బట్టల తాడన్నా అది. రేపు ఐదింటికి ఫైలు పోవాలె. జర వదిలెయ్యి.”

“నడుమెత్తున ఎవరు కడతారు బట్టల తాడు? చీరారేస్తే సగం నేల మీదుంటాది.”

“ఎవరో పొట్టోళ్లు కట్టిన్రు అనుకో.”

ఆయన పలచన చెయ్యని అసలు ఫైలు తెరిచారు. పలచన చెయ్యడంలో విడి చుక్కలైపోయిందిగానీ, అక్కడ తాడు తాడుగానే ఉంది. ఒక గడప నుంచి వీధి కుళాయి దాకా పద్నాలుగు మీటర్లు. దగ్గరికి లాగి చూస్తే ఒకచోట ఒక ముడి, ఇంకోచోట పక్కపక్కన రెండు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోకుండా షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడలో దిగారు. గోడకు మేకులు, మేకులకు ఎర్ర నైలాన్ తాడు. ముడిని తడిమి చూస్తుంటే లోపలి నుంచి ముసలి గొంతు వినిపించింది.

“ఎవరది తాడు గుంజేది? పోరగాండ్లైతే తంత.”

“పిల్లోన్ని కాదు తల్లీ. ఊరికే చూస్తాండా.”

“చూసేటందుకు ఏముంది అండ్ల? నాకైతే ఏం కనిపియ్యదు.”

ఆమె పేరు చంద్రమ్మ. చూపు తగ్గిపోతున్న రోజుల్లో, ఇంకా మేకు తల కనిపిస్తుండగానే, తనే కొట్టుకుని తనే కట్టుకుందట. ఒక ముడి తగిలితే కాలి కింద మెట్టు. రెండు ముడులు తగిలితే మూల. అక్కడ తిరిగితే కుళాయి, బాత్రూము.

“దినాం ఎన్నిసార్లు పోతనో, వస్తనో. చెయ్యి పట్టుమని ఒక్కల్ని అడగలే.”

పుల్లయ్యగారికి నిన్న తను పంపిన శుభ్రమైన ఫైలు గుర్తుకొచ్చింది. ఈమె చెయ్యి తాడు మీదే ఉంటుంది, కాలు గుంతలో పడుతుంది.

“ఈడ తవ్వుతారంట తల్లీ. చెప్పినారా నీకు?”

“తవ్వనీ బిడ్డా. తాడుంటది గద.”

ఆయన ఆఫీసు చేరేసరికి పదకొండు దాటింది.

“సెలవు పెట్టినవా, పారిపోయినవా అన్నా?” అంది ప్రియాంక.

సంగతంతా చెప్పారు. తాడును అసలు ఫైల్లోంచి తెచ్చి పెట్టాలి. కానీ దారినపోయేవాళ్ల మరకలు దానికి అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్క చుక్కా చేత్తో విడదియ్యాలి. ఐదింటిలోపల ఒక మనిషికి అయ్యే పని కాదు. ప్రియాంక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“మూల దాకా నువ్వు చెయ్యి. కుళాయి దిక్కు నేను చూస్త.”

ఐదుకు పది నిమిషాల ముందు ఫైలు వెళ్లింది. మామూలుగా అంకెలతో ఏదో కోడ్ పెట్టే చోట పుల్లయ్యగారు ‘చంద్రమ్మ నడిచే తాడు’ అని కొట్టారు. ప్రియాంక చూసి కూడా మార్చలేదు.

సోమవారం ఇంజనీరు ఫోన్ చేశాడు. “ఈ లైనేంటండీ పుల్లయ్యగారూ? కరెంటుదా, ఇంటర్నెట్‌దా?”

“మనిషిది సార్. ఒకసారి పోయి చూడండి.”

ఇంజనీరు వెళ్లి చూశాడు. పైపులు సందు నడుమ నుంచి వేశారు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం పుల్లయ్యగారు మళ్లీ వెళ్లారు. తాడుకు ఇంకోచోట కొత్తగా మూడు ముడులు కనిపించాయి.

“ఇవేంది తల్లీ?”

“సందు నడుమ డ్రైనేజీ మూత పెట్టిన్రు గద. జర ఎత్తు లేచింది. తాడు ఇడిచి అటు పోవద్దని, నాకు నేను చెప్పుకున్న.”

అప్పటికి ఆ పని ముగిసి నెల దాటింది. ఆ ఫైలును ఇక ఎవరూ అడగరు. అయినా సోమవారం ఆయన దాన్ని తెరిచి, ఆ మూడు ముడులూ చుక్కలతో పెట్టారు. టీ బండి దగ్గర నాకు ఆ మాట చెప్పి గ్లాసు కింద పెట్టారు.

“ప్రియాంకమ్మకు చెప్పొద్దు లేబ్బా. ఆ పిల్ల మళ్లా కుర్చీ లాక్కుని కూచుంటాది.”